పని మధ్యలో దేవుని సన్నిధిని కోరే చిన్న ప్రార్థన

ఉదయం పిల్లలను బడికి పంపే హడావుడి, పగలంతా ఉద్యోగం, రాత్రికి అలసటతో గడుస్తున్నాయని, మోకరించినా మాటలు రాక దేవుడు దూరంగా ఉన్నట్టే అనిపిస్తున్నదని, రోజంతా ఆయన సన్నిధిని కోరుకోవడానికి సరళమైన ప్రార్థన ఏదైనా ఉన్నదా అని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. గంటసేపు ఏకాంతంగా కూర్చొనే వీలు లేని ఉద్యోగంలో ప్రార్థన ఎలా సాగుతుందో నా అనుభవం నుంచి చెబుతాను.

ముందుగా ఒక విషయం. దూరాన ఉన్న దేవుణ్ణి మన మాటల బలంతో దగ్గరికి రప్పించుకోవడం క్రైస్తవ ప్రార్థన ఉద్దేశం కాదు. ‘తనకు నిజముగా మొఱ్ఱపెట్టువారికందరికి యెహోవా సమీపముగా ఉన్నాడు’ అని 145వ కీర్తన చెబుతున్నది. ఆయన దగ్గరే ఉన్నాడని ఒప్పుకొని, ఆ ఎరుక మనకు కలగాలని అడగడమే మనం చేయవలసింది. అందుకు ఎక్కువ మాటలు అవసరం లేదు. విస్తారంగా మాట్లాడితేనే వినబడుతుందని అనుకోవద్దని కొండమీది ప్రసంగంలో ప్రభువే చెప్పి, వెంటనే పరలోక ప్రార్థనను నేర్పాడు. అది ఎంత చిన్నదో మనకందరికీ తెలుసు.

పని మధ్యలో చేసే ప్రార్థనకు బైబిలులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ నెహెమ్యాది. అతడు యూదుడు, షూషను కోటలో పారసీక రాజైన అర్తహషస్తకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. ముఖం ఎందుకు చిన్నబోయిందని రాజు అడిగినప్పుడు అతడు చాలా భయపడ్డాడు. నీకేమి కావాలని రాజు మళ్లీ అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య నెహెమ్యా దేవునికి ప్రార్థన చేశాడని అతని పేరుతోనే ఉన్న గ్రంథం రెండవ అధ్యాయంలో ఉన్నది. రాజు ఎదుట మోకరించి కళ్లు మూసుకొనే అవకాశం అతనికి ఎక్కడిది? ఆ ప్రార్థనలోని మాటలేమిటో కూడా గ్రంథంలో లేవు. నా ఊహలో అవి రెండు మూడు మాటలకు మించి ఉండవు. అయితే మొదటి అధ్యాయం చదివితే, కిస్లేవు నెలలో యెరూషలేము దుస్థితిని విన్ననాటి నుంచి అతడు ఉపవాసముండి రాత్రింబగళ్లు ప్రార్థిస్తూనే ఉన్నాడని, రాజుతో ఈ సంభాషణ నీసాను నెలలో, అంటే దాదాపు నాలుగు నెలల తరువాత జరిగిందని అర్థమవుతుంది. కాబట్టి చిన్న ప్రార్థన దీర్ఘ ప్రార్థనకు బదులు కాదు, దానికి కొనసాగింపు. ఆదివారపు ఆరాధననూ ఇంట్లో జరిగే కుటుంబ ప్రార్థననూ మానుకోమని నేను అనను. వాటిలో విన్న వాక్యమే పని వేళ నోటికి అందుతుంది.

నా పద్ధతి ఇది. వార్డులో ఒక రోగి దగ్గర నుంచి మరొకరి దగ్గరికి వెళ్లే ముందు చేతులు శుభ్రం చేసుకోవడం మాకు నియమం. సబ్బు, నీళ్లతో కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ కాస్త సమయంలో నేను మనసులో ఇలా చెప్పుకుంటాను: ‘ప్రభువైన యేసూ, నీవు ఇక్కడే ఉన్నావు. నేను నిన్ను మరచినా నీవు నన్ను విడువలేదు. ఇప్పుడు నేను వెళ్లే మనిషి దగ్గర నాతో కూడ ఉండుము. ఆమేన్.’ (పైకి మాత్రం అనను. మంచం మీద ఉన్నవారు ఏ మతస్థులైనా కావచ్చు, ఇష్టం లేకపోయినా లేచి వెళ్లలేరు.) ఫోనులో అలారం పెట్టుకోవడం నాకు పనికి రాలేదు, మోగిన వేళకు చేతిలో సిరంజి ఉంటుంది. శరీరం ఎలాగూ చేసే పనికి ప్రార్థనను జత చేస్తే గుర్తుంచుకోవలసిన భారం ఉండదు. మీ విషయంలో అది పొయ్యి వెలిగించడం కావచ్చు, బస్సు కోసం నిలబడడం కావచ్చు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెలు మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్ కూడా, తనకు సహజంగా ఇష్టం లేని ఆ వంటగదిలోనే దేవునితో మాట్లాడుతూ ఉండడం అలవరచుకొన్నాడు.

ఇలా చేస్తే ప్రతిసారీ మనసు నిండుతుందని చెప్పలేను. చాలాసార్లు ఏమీ అనిపించదు, చేతులు మాత్రం శుభ్రమవుతాయి. కాని కసురుకొనే రోగి దగ్గరికి వెళ్లినప్పుడు నా గొంతు కొంత నెమ్మదించడం నేను గమనించాను, ఒకసారి తోటి నర్సు కూడా ఆ మాట అన్నది. దేవుని సమీపాన్ని మన అనుభూతితో కొలవడం కన్నా, పక్కనున్న మనిషితో మన ప్రవర్తనలో వెదకడం మేలని నా అభిప్రాయం. రాత్రి మాటలు రాకపోతే, ఎమ్మాయు దారిలో శిష్యులు ప్రొద్దు గ్రుంకే వేళ, తిరిగి లేచిన యేసును అడిగిన ‘మాతో కూడ ఉండుము’ అనే మనవి ఒక్కటి చాలు. దానిని చెప్పి నిద్రపోవచ్చు.

ఒక నర్సుగా ఇంకొక మాట కూడా చెప్పాలి. మీరు చెప్పిన శూన్యతతో పాటు నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి కలగకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, దానిని విశ్వాస లోపమని భావించకుండా వైద్యునికి చూపించుకోండి, మీ సంఘ కాపరికి కూడా చెప్పండి.