కిక్‌బాక్సింగ్ మెడల్‌తో ఎం.ఎం.ఎ.లోకి: ముందు కింద పడి లేవడం నేర్చుకోవాలి

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. కరీంనగర్‌లో బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. కిక్‌బాక్సింగ్‌లో జాతీయ స్థాయిలో రెండు మెడల్స్ వచ్చాయి. బరువు 57 కిలోలు. అలెక్స్ పెరీరా ఫైట్లు చూసి తనూ ఎం.ఎం.ఎ.లోకి (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అంటే పంచ్, కిక్, కుస్తీ, నేల మీద పట్లు అన్నీ ఉండే పోటీ) వెళ్తానంటోంది. డిగ్రీ ఆపేసి సిటీలో ఒక జిమ్‌లో చేరితే ఆర్నెల్లలో ప్రొఫెషనల్ ఫైట్ ఇప్పిస్తామని, బరువు మాత్రం 52కి దించాలని చెప్పారట. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. పంపమంటారా, ఆపమంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆపకండి. జాతీయ స్థాయి మెడల్ ఉన్న పిల్లకి ఈ దారి పగటికల కాదు. కానీ ఆ జిమ్ వాళ్లు పెట్టిన మూడు షరతులూ, అంటే డిగ్రీ ఆపడం, ఆర్నెల్లలో ఫైట్, 52 కిలోలు, ఒక్కటి కూడా ఒప్పుకోకండి. ఎందుకో చెబుతాను. ఈ జవాబు అమ్మాయినీ, వాళ్ల నాన్ననీ కూర్చోబెట్టి చదివించండి.

పెరీరాతోనే మొదలుపెడదాం. అమ్మాయి చూస్తున్నది అతని కథలో రెండో సగం. బ్రెజిల్‌లో టైర్ల షాపులో పనిచేసిన కుర్రాడు 21 ఏళ్లకి కిక్‌బాక్సింగ్ మొదలుపెట్టాడు. 2015లో మొదటి ఎం.ఎం.ఎ. ఫైట్ ఆడితే ప్రత్యర్థి మెడ బిగించి ఓడించాడు. మరుసటి ఏడాది రెండు గెలిచినా మళ్లీ కిక్‌బాక్సింగ్‌కే వెళ్లి, గ్లోరీ అనే కిక్‌బాక్సింగ్ సంస్థలో రెండు వెయిట్లలో బెల్టులు తెచ్చుకున్నాడు. తిరిగి ఎం.ఎం.ఎ.కి వచ్చింది 2020 చివర్లో. 2022 నవంబరులో న్యూయార్క్‌లో ఇజ్రాయెల్ అడెసాన్యాను ఐదో రౌండులో పడగొట్టి, ఎం.ఎం.ఎ.లో అన్నిటికన్నా పెద్ద సంస్థ యు.ఎఫ్.సి. మిడిల్‌వెయిట్ బెల్టు గెలిచాడు, ఏడాది తిరిగేసరికి లైట్ హెవీవెయిట్ బెల్టు కూడా. మొదటి ఓటమికీ మొదటి బెల్టుకీ మధ్య ఏడేళ్లు. ఆ చివరి ఏళ్లలో అతను సాధన చేసింది గ్లోవర్ టెషేరా దగ్గర. టెషేరా నేల మీద పట్లు పట్టే జిజిట్సులో బ్లాక్ బెల్టు, తనే ఒకప్పటి యు.ఎఫ్.సి. చాంపియన్.

ఇంకో సంగతి. యు.ఎఫ్.సి.లో నాలుగో ఫైట్‌కే పెరీరాకి టైటిల్ అవకాశం రావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. అప్పటి చాంపియన్ అడెసాన్యాను అతను కిక్‌బాక్సింగ్‌లో రెండుసార్లు ఓడించాడు, ఆ పాత పోటీని జనం మళ్లీ చూడాలనుకున్నారు. అలాంటి దగ్గరిదారి ఇంకొకరికి దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు. పేరున్న కిక్‌బాక్సర్లంతా ఇక్కడ నిలబడ్డారనీ అనుకోవద్దు. గ్లోరీ చాంపియన్ గోఖాన్ సాకీ 2017లో యు.ఎఫ్.సి.కి వచ్చి ఒకటి గెలిచాడు, మరుసటి ఏడాది మొదటి రౌండులోనే నాకౌటయ్యాడు.

మీ అమ్మాయి చూడాల్సింది వాలెంటీనా షెవ్‌చెంకోని. కిర్గిజ్‌స్తాన్ అమ్మాయి, థాయ్‌లాండ్ పోరు విద్య ముయే థాయ్‌లో, కిక్‌బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్. చిన్నప్పటి నుంచి టైక్వాండోతో పాటు జూడో కూడా నేర్చింది కాబట్టి, ఎవరైనా నడుం పట్టుకుంటే కంగారుపడేది కాదు. 2018లో యు.ఎఫ్.సి. ఫ్లైవెయిట్ బెల్టు గెలిచి ఏడుసార్లు నిలబెట్టుకుంది. అంతటి మనిషి కూడా 2023 మార్చిలో ఒక స్పిన్నింగ్ కిక్ గురితప్పి వీపు అప్పగించింది. అలెక్సా గ్రాసో వెనకెక్కి మెడ బిగించింది, బెల్టు పోయింది. మళ్లీ 2024లో తెచ్చుకుంది.

ఇప్పుడు మెడల్స్ సంగతి. అమ్మాయి ఏ విభాగంలో గెలిచిందో మీరు రాయలేదు. కిక్‌బాక్సింగ్‌లో మ్యాట్ మీద ఆడే పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్, కిక్ లైట్ వేరు, రింగులో గట్టిగా కొట్టుకునే ఫుల్ కాంటాక్ట్, తొడ మీద కూడా తన్నే లో కిక్, దాంతోపాటు మోకాలి దెబ్బలూ ఉండే కె-1 వేరు. పాయింట్ ఫైటింగ్‌లో తగలగానే రెఫరీ ఆపుతాడు కాబట్టి తిరుగుదెబ్బ కాసుకునే అలవాటే ఏర్పడదు. ఆ మెడల్ అయితే ఏడాదిపాటు లో కిక్ గానీ కె-1 గానీ ఆడించాకే ఎం.ఎం.ఎ. మాట. లో కిక్‌లో గెలిచి ఉంటే పునాది గట్టిదే.

ఆ పునాది మీద కూడా మూడు అలవాట్లు మార్చుకోవాలి. మొదటిది గార్డు. 10 ఔన్సుల గ్లౌజు ముఖానికి అడ్డంపెట్టి దెబ్బలు ఆపడం అలవాటైన వాళ్లకి, 4 ఔన్సుల గ్లౌజులో, అంటే దాదాపు 113 గ్రాములే, అవే చేతుల సందులోంచి పంచ్ దూరిపోతుంది. చేతులతో కాయడం తగ్గించి కాళ్లతో దూరం జరగడం నేర్వాలి. రెండోది కిక్. కిక్‌బాక్సింగ్‌లో కాలు పట్టి పడేయడానికి వీల్లేదు, అందుకే చాలామంది కాలు తీరిగ్గా వెనక్కి తెస్తారు. ఎం.ఎం.ఎ.లో ఆ కాలు దొరికితే నేల మీదే. ముందు పంచ్‌తో ఎదుటివాళ్లని కదలనీయకుండా చేసి ఆ వెంటనే కొట్టాలి. తొడకన్నా పిక్క మీద కొట్టడం మేలు, అంత కిందికి వంగి కాలు పట్టుకోవడం కష్టం. పెరీరా ఎక్కువగా కొట్టేది అదే. మూడోది ఊపిరి. ఆమె ఇప్పుడు ఆడేది 2 నిమిషాల రౌండ్లు, అక్కడ 5 నిమిషాలవి. అందులోనూ ఒక మనిషి బరువు మీద పడి ఉన్నప్పుడు అయ్యే అలసట పరుగుతో రాదు, కుస్తీతోనే అలవాటవుతుంది.

అసలు పని నేల మీద. దెబ్బలాటలో బలమైన పిల్లలు కింద పడగానే భయంతో బోర్లా తిరుగుతారు, మోకాళ్ల మీద లేవాలని చూస్తారు. అప్పుడే ప్రత్యర్థి వీపెక్కుతుంది. కిక్‌బాక్సర్లు తొలి ఫైట్లలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి మొదటి ఏడాది ఎదుటివాళ్లని పడేసే విద్యకన్నా ముందు రక్షణ నేర్పించండి. కాళ్ల మీదికి దూకినప్పుడు తుంటి కిందికి దించి, కాళ్లు వెనక్కి విసిరి, ఛాతీ బరువు వాళ్ల భుజం మీద వేయడం. దీన్నే స్ప్రాల్ అంటారు. కేజ్‌కి, అంటే చుట్టూ ఉండే జాలీకి, నొక్కిపెట్టినప్పుడు వాళ్ల చంక కింద నుంచి చెయ్యి దూర్చి, నుదురు వాళ్ల గడ్డం కింద ఆనించి పక్కకి తిరగడం. కింద పడితే ముఖం ఎదుటివాళ్ల వైపే ఉంచి, ఒక అరచెయ్యి వెనక ఆనించి, ఒక పాదం నేలకి తన్నిపెట్టి, రెండో కాలు ఒంటి కిందనుంచి వెనక్కి లాక్కుని లేవడం. వీపు దొరికిపోతే గడ్డం దించుకోవడంతో సరిపెట్టుకోకుండా, బిగించే చేతిని రెండు చేతులతో పట్టి వీపు నేలకి ఆనేలా తిరగడం. ఈ నాలుగూ రోజూ అరగంట చొప్పున, బలంగా ఎదిరించే జోడీతో చేయాలి. కరీంనగర్‌లో జిజిట్సు దొరక్కపోతే జూడోతో మొదలుపెట్టొచ్చు, పడటం భయం పోతుంది.

వారానికి రెండు రోజులు కుస్తీ లేదా జూడో, రెండు రోజులు జిజిట్సు, రెండు రోజులు పంచ్, కిక్. గట్టి స్పారింగ్, అంటే జోడీతో నిజం ఫైట్‌లా కొట్టుకునే సాధన, వారానికి ఒక్కసారికి మించకూడదు. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగితే కనీసం 30 రోజులు స్పారింగ్ బంద్, డాక్టరు సరేనన్నాకే మళ్లీ. "తగ్గిపోయింది సార్" అని పిల్లలు అబద్ధం ఆడతారు, మీరు కనిపెట్టి ఉండాలి.

ఏడాదిన్నర ఇలా గడిచాక అమెచ్యూర్ ఫైట్లు. షిన్ గార్డులుంటాయి, మోచేతి దెబ్బలుండవు, రౌండు 3 నిమిషాలే. ఐదారు ఆడి, వాటిలో కనీసం రెండింట్లో కింద పడి కూడా గెలిచిందంటే అప్పుడు ప్రొఫెషనల్ గురించి ఆలోచించండి. ఆర్నెల్లలో ప్రొఫెషనల్ ఫైట్ ఇప్పిస్తామనేవాళ్లకి చాలాసార్లు కావాల్సింది వాళ్ల ఫైటర్ చేతిలో ఓడిపోయే ఒక పేరు. ప్రొఫెషనల్ రికార్డులో పడిన ఓటమి చెరగదు, ప్రమోటర్లు మొదట చూసేది అదే.

మధ్యలో ఒక దారి ఉంది, మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు గమనించరు. చైనా యుద్ధకళ వుషులో సాందా అనే విభాగం. పంచ్, కిక్‌తో పాటు కాలు పట్టి పడేయడం కూడా ఉంటుంది. 2 నిమిషాల రౌండ్లే కాబట్టి మీ అమ్మాయికి కొత్త కాదు. యు.ఎఫ్.సి.లో గెలిచిన మొదటి భారతీయ మహిళ పూజా తోమర్ జాతీయ వుషు చాంపియనే. ముందు మన దేశంలోని ఎం.ఎం.ఎ. పోటీ మ్యాట్రిక్స్ ఫైట్ నైట్‌లో బెల్టు గెలిచి, తర్వాత 2024 జూన్‌లో అమెరికాలోని లూయివిల్‌లో ఆ విజయం సాధించింది. మణిపూర్‌కి చెందిన రోషిబినా దేవి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 60 కిలోల సాందాలో రజతం తెచ్చింది. పైగా కేంద్ర ప్రభుత్వం 2020లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల జాబితాలో కొత్తగా చేర్చిన 20 ఆటల్లో వుషు ఒకటి. ప్రైవేటు ప్రమోషన్లలో ఆడిన ఎం.ఎం.ఎ. ఫైట్లకి అలాంటి విలువ లేదు. కిక్‌బాక్సింగ్ సర్టిఫికెట్ ఏ ఉద్యోగానికి చెల్లుతుందో ఆయా నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. కాబట్టి వచ్చే రెండేళ్లు సాందా ఆడిస్తే పడేయడం వస్తుంది, మెడల్ వస్తే ఉద్యోగానికి పనికొస్తుంది, చదువూ సాగుతుంది. సాందాలో నేల మీద పోరు ఉండదు, అది జిజిట్సులోనే నేర్చుకోవాలి.

52 కిలోల మాట. ఆడవాళ్ల స్ట్రావెయిట్ 52.2, ఫ్లైవెయిట్ 56.7. మీ అమ్మాయి సహజంగానే ఫ్లైవెయిట్. అరకిలో దించితే చాలేదానికి దాదాపు ఐదు కిలోలు దించమంటున్నారంటే, అందులో చాలావరకు చివరి రోజుల్లో నీళ్లు మానిపించి, చెమట పట్టించి దించేదే. నీళ్లు తగ్గిన ఒంటికి గుండె, కిడ్నీల మీద భారం, తలకి దెబ్బ తగిలితే ముప్పూ ఎక్కువ. 2015 డిసెంబరులో యాంగ్ జియాన్‌బింగ్ అనే 21 ఏళ్ల చైనా ఫైటర్ మనీలాలో ఇలా బరువు దించుకుంటూనే చనిపోయాడు. ఆ తర్వాతే వన్ చాంపియన్‌షిప్ అనే ఆసియా ఎం.ఎం.ఎ. సంస్థ నీళ్లు మాని బరువు దించే పద్ధతిని నిషేధించింది. ట్రైనింగ్‌లో ఎప్పుడైనా నెలసరి తప్పితే, తిండి చాలడం లేదేమోనని అనుమానించాలి. ఆ నెలే డాక్టరుకి చూపించండి.

డబ్బు గురించి వాళ్ల నాన్న అడుగుతారు, అడగాలి కూడా. యు.ఎఫ్.సి. దాకా చేరిన కొత్తవాళ్లకి బయటికి వచ్చిన లెక్కల ప్రకారం ఒక ఫైట్‌కి సుమారు 10 నుంచి 12 వేల డాలర్లు, గెలిస్తే మళ్లీ అంతే. ఏడాదికి రెండు మూడు ఫైట్లు. అందులోంచి మేనేజరు, కోచ్, పన్నులు, ప్రయాణాలు. అక్కడికి చేరేలోపు మన దేశంలో ఆడే ఫైట్ల డబ్బుతో ఇల్లు గడవదు. ఆ ఏళ్లకి డిగ్రీ ఆసరా. కాలేజీకి రోజూ వెళ్లడం కుదరకపోతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. బి.కాం. తర్వాత బి.పి.ఎడ్. గానీ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ కోర్సు గానీ చేస్తే, 35 ఏళ్లకి ఆట ఆగినా పని ఆగదు.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు నాలుగు చూడండి: ఎన్నేళ్లు కట్టిపడేస్తున్నారు, ఎన్ని ఫైట్లు ఖాయంగా ఇస్తారు, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది. ఫైట్‌కి ముందు హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు, కంటి పరీక్ష ఇద్దరికీ చేయించని చోట ఆడించొద్దు. రింగు పక్కన డాక్టరు లేకపోయినా అంతే.

ఇప్పుడు చేయాల్సింది: ఒక శనివారం మీరు ముగ్గురూ ఆ జిమ్‌కి వెళ్లండి. అక్కడ ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, తన బరువున్నవాళ్లు ఇద్దరైనా ఉన్నారా, కుస్తీ నేర్పేవాళ్లు ఎవరు అని అడగండి. గంటసేపు క్లాసు చూడండి. ఆ గంటలో నేల మీద పని అసలు కనిపించకపోతే ఫీజు కట్టకుండా వచ్చేసి, జిల్లా వుషు సెలక్షన్లు ఎప్పుడో కనుక్కోండి.