ప్రాగ్‌లో ‘వద్దు’ అంటే వద్దనే అర్థం

సందేహం: వచ్చే నెల ఉద్యోగం మీద ప్రాగ్ వస్తున్నాను. అక్కడి మంచి కెఫేలు, సంప్రదాయ చెక్ భోజనం దొరికే చోట్లు చెప్పగలరా? గొడ్డుమాంసం, పందిమాంసం తినను. వారంలో రెండు రోజులు పూర్తి శాకాహారం. నేను చదివి ఎంచుకున్న పదకొండు కెఫేల జాబితా జత చేస్తున్నాను. వీటిలో ఏవి తప్పక చూడాలి?

జవాబు: మీ జాబితా చూసి నవ్వుకున్నాను, తప్పుగా అనుకోకండి. పదకొండు కెఫేల పేర్లు, వాటి వీధులు, తెరిచే వేళలతో సహా రాశారు గాని, ఆ కుర్చీల్లో మీ ఎదుట ఎవరు కూర్చుంటారన్న ఆలోచన మీకు ఇంకా వచ్చినట్టు లేదు. 2015 జనవరిలో నేను ఈ ఊళ్లో దిగినప్పుడు నా దగ్గరా ఇటువంటి జాబితానే ఉండేది. అందులో ఉన్నవన్నీ నాలుగు నెలల్లో చూసేశాను, ఒక్కణ్ణే. అందువల్ల మీరు అడిగిన వాటికి జవాబు చెబుతాను కాని, ముందు నా భోజనం డబ్బా సంగతి వినక తప్పదు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా వైపు ఎవరైనా భోజనానికి పిలిస్తే ‘ఇప్పుడే తిన్నానండీ’ అనడం ఒక మర్యాద, ‘అదేం కుదరదు, రెండు ముద్దలైనా తినాల్సిందే’ అని చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టడం అవతలివారి మర్యాద. ఆఫీసులో చేరిన రెండో రోజు పదకొండున్నరకు పక్క సీటు ఆయన లేచి, కోటు వేసుకుంటూ, భోజనానికి వస్తావా అని అడిగాడు. పులిహోర డబ్బా తెచ్చుకున్నాను, మీరు వెళ్లండి అన్నాను. మరునాడు మళ్లీ అడిగాడు. ఆకలి లేదన్నాను. ఆ పై వారం ఇంకొకామె అడిగింది. ఆమెకూ ఏదో చెప్పాను. నాలుగోసారి గట్టిగా లాగితే వెళ్దామని మనసులో సిద్ధంగానే ఉన్నాను, కాని ఆ నాలుగోసారి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలూ కంప్యూటరు ముందే డబ్బా మూత తీసుకుని తిన్నాను. ప్రాగ్‌లో జనవరి మొదట్లో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడితే మళ్లీ సోమవారం ఉదయం దాకా నాతో మాట్లాడిన మనిషి దుకాణంలో సరుకుల లెక్క కట్టే అమ్మాయి ఒక్కతే, అదీ ‘దొబ్రీ దెన్’, అంటే నమస్కారం, అన్న రెండు ముక్కలు. మా అమ్మ రోజూ ఫోన్లో ఏం తిన్నావని అడిగేది. ఎవరితో తిన్నావని అడగాలని పాపం ఆమెకు తోచలేదు. వీళ్లకు రంగు పట్టింపు ఉందేమో, నా పులిహోర వాసన పడలేదేమో అని నాలో నేను ఎన్నో కథలు అల్లుకున్నాను. చివరికి ఒకాయన ఉద్యోగం మాని వెళ్లిపోతూ ఇచ్చిన విందులో చెప్పాడు: ‘నీకు ఒంటరిగా తినడం ఇష్టమని అనుకున్నాం, అందుకే ఇబ్బంది పెట్టలేదు.’ ఇక్కడ వద్దంటే వద్దనే అర్థం. మన మొహమాటాన్ని చదవగలిగిన మనిషి ఈ ఊళ్లో మీకు దొరకడు, దాన్ని విమానాశ్రయంలోనే దింపుకోండి.

ఇక భోజనం. చెక్ వంట అసలు రూపంలో కనిపించేది కెఫేలో కాదు, హొస్పొదాలో, అంటే బీరు, భోజనం రెండూ దొరికే పేట హోటల్లో. అక్కడికి మధ్యాహ్నమే వెళ్లాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సుమారు పదకొండు నుంచి రెండింటి వరకు ‘పొలెద్ని మెను’ అని ఆనాటి వంటకాలు నాలుగైదు పలక మీద రాసి పెడతారు. ఒక సూపు, ఒక ప్రధాన వంటకం కలిపి ఇప్పుడు దాదాపు రెండు వందల కొరునాలవుతుంది, పేటను బట్టి కొంచెం అటూ ఇటూ. అదే తిండి రాత్రికి, అందులోనూ పాత బస్తీ చౌరస్తా చుట్టుపక్కల, ఎంతవుతుందో చెప్పి మిమ్మల్ని భయపెట్టను. మన అలవాటు ప్రకారం ఒంటిగంటన్నరకు వెళ్తే మంచి వంటకాలన్నీ సుద్దముక్కతో కొట్టేసి ఉంటాయి. ఇక్కడివారు పదకొండున్నరకే తింటారు.

ఆ మెనూ కార్డులో వంటకం పేరు పక్కన 1, 3, 7, 9 అని అంకెలుంటాయి. అవి కారం ఎంతో చెప్పే అంకెలనుకుని, గుంటూరు జిల్లావాణ్ణి కదా అని, మొదటి రోజు అన్నిటికంటే ఎక్కువ అంకెలున్న వంటకం తెమ్మన్నాను. తీరా చూస్తే అవి అలర్జీ కలిగించే పదార్థాల గుర్తులు: 1 గోధుమ వంటి ధాన్యాలు, 3 గుడ్డు, 7 పాలు, 9 సెలెరీ. యూరపు నియమం ప్రకారం మొత్తం పద్నాలుగు. వచ్చిన పళ్లెంలో నారింజ రంగు చిక్కటి పులుసు, పైన నిమ్మకాయ చక్రం, దాని మీద గిలక్కొట్టిన మీగడ, ఎర్రటి పుల్లపళ్ల జామ్. గుమ్మడికాయ కూర అనుకుని చెంచాతో కదిపితే అడుగున గొడ్డుమాంసం ముక్కలు పేర్చి ఉన్నాయి. దాని పేరు స్వీచ్కోవా. క్యారెట్టు, సెలెరీ దుంప, పార్స్లీ వేరు ఆ మాంసంతోపాటే ఉడికించి, రుబ్బి, మీగడ కలుపుతారు, కాబట్టి మాంసం పక్కకు నెట్టి పులుసు తిన్నా ప్రయోజనం లేదు. చెక్ వారికి అది మన పెళ్లి భోజనంలో పప్పుచారంత ముఖ్యం. మీరు మాత్రం పేరు గుర్తుపెట్టుకుని దూరంగా ఉండండి.

అందుకని కెఫేల జాబితా చింపి, ఆ కాగితం వెనక ఈ మాటలు రాసుకోండి. హొవ్యెజీ అంటే గొడ్డుమాంసం, తెలెత్సీ అంటే దూడమాంసం, వెప్రొవే అంటే పందిమాంసం, షుంకా, స్లనినా అంటే పందిమాంసంతో చేసిన హామ్, బేకన్. సాద్లో అంటే పంది కొవ్వు. వంటలో వాడితే దీన్ని మాత్రం సాధారణంగా మెనూలో రాయరు, అడగాలి. కుర్జెత్సీ అని ఉంటే కోడి, భయం లేదు. గులాష్ అన్నది మామూలుగా గొడ్డుమాంసమే. శాకాహారం రోజుల్లో ‘బెజ్మసా యీద్లా’ అన్న శీర్షిక కింద చూడండి, మాంసం లేనివని అర్థం. అయితే నా అనుభవంలో సూపులో నాలుగు షుంకా ముక్కలుంటే దాన్ని మాంసం కింద లెక్కవేయని వంటవాళ్లు ఉన్నారు. చెస్నెచ్కా అనే వెల్లుల్లి చారు, బ్రంబొరాచ్కా అనే బంగాళాదుంప సూపు విషయంలో రెండుసార్లు మోసపోయి, మూడోసారి నుంచి మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

నన్ను నిలబెట్టింది చొచ్కా నా కిసెలో. పెసల రంగు మసూర్ పప్పు గట్టిగా ఉడికించి, వేయించిన ఉల్లిపాయ, వెనిగర్ పులుపు వేసి, పక్కన గుడ్డు, ఊరబెట్టిన దోసకాయ పెడతారు. చాలాచోట్ల సాసేజ్ కూడా జతచేస్తారు, వద్దని ముందే చెప్పాలి. తొలిసారి ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే చుక్కకూర పప్పు గుర్తొచ్చి కాసేపు తల ఎత్తలేదు. బంగాళాదుంప తురుములో వెల్లుల్లి, మార్జొరమ్ ఆకు కలిపి అట్టులా వేసే బ్రంబొరాక్ కూడా మన నోటికి పడుతుంది, అయితే అది ఏ నూనెలో వేశారో అడగండి. స్మజెనీ సీర్ అంటే రొట్టెపొడి అద్ది వేయించిన చీజ్. ఏమీ దొరకని రోజున అది ఎక్కడైనా దొరుకుతుంది గాని, వరసగా వారం తింటే మీ ప్యాంట్లు బిగుతవుతాయి. క్నెడ్లీక్ గురించి అందరూ మన ఇడ్లీలాగే ఉంటుందని చెబుతారు. ఉండదు. పాత రొట్టె ముక్కలు కలిపిన గోధుమపిండిని దుంగలా చుట్టి ఉడికించి, దారంతో ముక్కలు కోస్తారు. పులుసు పీల్చుకోవడమే దాని పని, ఉత్తగా తింటే దూదే.

తీపి వంటకమే ఇక్కడ పూర్తి భోజనం కావచ్చునన్నది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకసారి సూపు, చీజ్, బంగాళాదుంపలు కడుపునిండా తిన్నాక, చివర్లో తీపికని పండ్ల క్నెడ్లీకీ తెమ్మన్నాను. పూర్ణం బూరెల్లాంటివి, లోపల ప్లమ్ పండ్లో ఆప్రికాట్లో పెట్టి, పైన తురిమిన పాలవిరుగుడు, కరిగించిన వెన్న, చక్కెర వేసినవి, ఒక్కొక్కటి పిడికిలంత, ఐదు వచ్చాయి. నాతో వచ్చిన నలుగురూ వాటివైపూ నావైపూ మార్చి మార్చి చూశారు. అది చెక్ పిల్లల మధ్యాహ్న భోజనమట. మీ శాకాహారం రోజులకు అంతకంటే మంచి ఉపాయం లేదు. కూర మసాలాలో మనం చెంచాడు నూరుకునే గసగసాలను వీళ్లు చక్కెరతో కలిపి గుప్పెళ్లతో వాడతారు, అదీ రుచి చూడండి. వీధుల్లో కర్రకు చుట్టి కాల్చే త్రుదెల్నీక్ మాత్రం ప్రాగ్ సంప్రదాయమని బోర్డు మీద రాసి ఉన్నా నమ్మకండి, అది పర్యాటకుల కోసం ఈ ఇరవై ఏళ్లలో వ్యాపించిన వ్యాపారం.

బిల్లు దగ్గర నేను చేసిన పని ఇప్పటికీ ఆఫీసులో చెప్పుకుంటారు. ఎనిమిది నెలల తర్వాత తొలిసారి ఆరుగురం కలిసి వెళ్లాం. ‘దొహ్రొమదీ, నెబో జ్వ్లాష్ట్?’ అని వెయిటరు అడిగాడు, కలిపా విడివిడిగానా అని. నాకు తెలిసిన మాట మొదటిదే కాబట్టి గర్వంగా దొహ్రొమదీ అని కార్డు ఇచ్చేశాను. ఎవరూ మాట్లాడలేదు. మూడింటికి కాఫీ తెచ్చుకోవడానికి లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి నా కీబోర్డు పక్కన చిల్లర ఐదు దొంతరలుగా పేర్చి ఉంది. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను, 119 కొరునాలు, ఒక్క నాణెం కూడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. మన ఊళ్లో అయితే ఆ జన్మకు ఆ ఇంటి గడప తొక్కం. ఇక్కడ దాని అర్థం రేపు కూడా మాతో రావచ్చునని మాత్రమే. టిప్పు కూడా బల్ల మీద వదిలిపెట్టరు. 182 అయితే రెండు వందల నోటు చేతికిచ్చి, చిల్లర ఉంచుకోమని చెబితే సరిపోతుంది.

సాయంత్రాలు హొస్పొదాకు వెళ్లడానికి మీరు బీరు తాగనక్కర్లేదు. 1960 నుంచి ఉన్న కొఫొలా అనే ఇక్కడి కోలా పానీయం చాలాచోట్ల కుళాయి నుంచి అరలీటరు గ్లాసులో పట్టి ఇస్తారు. బల్లలు పొడుగ్గా ఉంటాయి, ఖాళీ కుర్చీ కనిపిస్తే ‘యె తు వొల్నో?’ అని అడిగి పరాయివాళ్ల పక్కనే కూర్చోవచ్చు. వెయిటరు ఒక సన్నటి కాగితం చీటీ మీ ముందు పెట్టి గ్లాసుకొక గీత గీస్తాడు, ఆ చీటీ పోగొట్టుకోకండి, దాని మీద పిచ్చిగీతలు గీయకండి. నేను ఒకచోట తెలియక ప్రతి రోజూ వచ్చేవాళ్ల బల్ల దగ్గర కూర్చుంటే వెయిటరు నోరు విప్పకుండా నా గ్లాసు ఎత్తి తలుపు పక్క బల్ల మీద పెట్టాడు. అలా నిత్యం వచ్చేవాణ్ణి ష్టమ్‌గస్ట్ అంటారు. అప్పట్లో లోపల సిగరెట్ పొగకు కళ్లు మండేవి, 2017 మే 31 నుంచి నిషేధం వచ్చాక ఆ బాధ తప్పింది. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ, ఒకే మూల కూర్చుంటే రెండో నెలలో తలాడిస్తారు, నాలుగో నెలలో పేరు అడుగుతారు. తొందరపడి మీరే ముందు జీతం, పెళ్లి గురించి అడగకండి.

మీరడిగిన కెఫేల సంగతి రెండు మాటల్లో చెబుతాను. నారొద్ని వీధిలో మేడమీద 1902 నుంచి ఉన్న లూవ్ర్ చూడండి. కాఫ్కా మిత్రులతో వచ్చేవాడు, 1911-12లో ప్రాగ్‌లో పాఠాలు చెప్పిన ఐన్‌స్టీన్ కూడా వచ్చేవాడు. 1948 తర్వాత కమ్యూనిస్టు కాలమంతా మూతపడి 1992లో మళ్లీ తెరుచుకుంది. దీపాల దగ్గర నుంచి అన్నీ క్యూబిస్టు శైలిలో ఉన్న ఓరియంట్ కెఫే కోసం నల్ల మడొన్నా భవనానికి ఒక్కసారి వెళ్లండి. కవార్నాలో, అంటే కెఫేలో, ఒక కాఫీతో రెండు గంటలు కూర్చున్నా మీరు అడిగేదాకా బిల్లు తేరు. పాతకాలపు చోట్ల ‘తురెక్’ అని తెస్తే కలపకండి. గ్లాసులో కాఫీపొడి వేసి మరిగే నీళ్లు పోస్తారంతే, వడకట్టరు. నేను ఫిల్టర్ కాఫీ తాగినట్టు ఆఖరి గుక్కదాకా లాగించి, పళ్లనిండా మడ్డితో, టిష్యూ కాగితం అడగడానికి చెక్ మాట తెలియక నోరు మూసుకుని ట్రామెక్కాను. నలభైసార్లు కెఫేలకు వెళ్లి ఉంటాను ఆ వసంతంలో. ఒక్క స్నేహితుడూ దొరకలేదు. అందుకే వాటిని రెండో వరసలో పెట్టాను.

పచ్చిమిరప, కొత్తిమీర కోసం లిబుష్ దగ్గర వియత్నాం వాళ్ల సాపా బజారుకు శనివారం వెళ్లండి. కంపెనీ ఇచ్చే భోజన భత్యం, పోలీసు రిజిస్ట్రేషన్ వగైరాలు అధికారిక వెబ్‌సైట్లలో ఉన్నాయి, చదువుకున్నవారు, చూసుకోగలరు.

డబ్బా తెచ్చుకోవద్దని అనను. వారంలో మూడు రోజులు తెచ్చుకోండి, రెండు రోజులు ఖాళీ చేతులతో వెళ్లండి. మొదటి పిలుపుకే లేచి కోటు వేసుకోండి. మీ ఆఫీసులో ఎవరూ పిలవకపోతే మంగళవారం పదకొండున్నరకు మేమున్నాం. ముగ్గురు చెక్ వారు, ఒక వియత్నాం ఆయన, నేను, పంక్రాత్స్ మెట్రో దగ్గర కలుస్తాం. చిరునామా విడిగా పంపుతాను. ఒక్కసారే పిలుస్తాను. బిల్లు మాత్రం జ్వ్లాష్ట్.