అల్లుడూ, ముందు ఆ 26 ఇఫ్‌లు తీసెయ్

ఒరే అల్లుడూ, ఎట్టుండావు? నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్రోగ్రాం చూశా. వాక్యంలో ఏ నుంచి జెడ్ దాకా అన్ని అక్షరాలూ ఉండాయా లేదా అని చూడ్డానికి 26 ఇఫ్‌లు, అంటే అక్షరానికో 'ఇది ఉంటే' అనే షరతు, రాశావు చూడు, నవ్వొచ్చింది గానీ నేనూ కావలిలో కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు ఇదే పని చేసినోణ్ణే, అందుకని తిట్టబోవట్లా.

కొట్టు నుంచి సరుకులొచ్చాక మీ అమ్మ చిట్టీ పట్టుకోని ఏం చేస్తది? వచ్చినవి కొట్టేసుకుంటా పోతది, చివరికి మిగిలిందే రానిది. ఇదీ అంతేరా. నువ్వు రాసే పైథాన్ భాషలో వాక్యాన్ని ముందు లోయర్ చెయ్, అంటే అన్నీ చిన్నక్షరాలు చెయ్, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో పెద్ద ఏ నంబరు 65, చిన్న ఏ 97, దానికి రెండూ వేరే. తర్వాత సెట్‌లో వేసెయ్, ఒకే అక్షరం పదిసార్లొచ్చినా అందులో ఒక్కటే ఉంటది. 26 అక్షరాల సెట్‌లోంచి ఈ సెట్‌ని మైనస్ చేసి మిగిలింది ప్రింట్ చెయ్. ఉత్త ట్రూ (ఉండాయి), ఫాల్స్ (లేవు) అంటే ఏది తగ్గిందో ఎట్టా తెలుస్తది?

ఇంకోటి, వాక్యంలో ఏ గానీ ఈ గానీ ఉందా అని అడగబోయి 'ఏ' ఆర్ 'ఈ' ఇన్ టెక్స్ట్ అని రాశావే, అది ఎప్పుడూ ట్రూనే. ఆర్‌కి ముందున్న 'ఏ'ని అది వాక్యంలో వెతకదు, ఖాళీగా లేని స్ట్రింగ్ (కోట్స్‌లో రాసే అక్షరాల వరస) కాబట్టి అక్కడే ట్రూ అనేసి ఊరుకుంటది. నేను దీని మీద ఒక రాత్రంతా తల బాదుకున్నా, తప్పు కంప్యూటర్‌దే అనుకోని.

రాశాక ఊరికే రన్ చేసి వదిలెయ్‌మాక. టైపింగ్ నేర్పేటప్పుడు కొట్టిస్తారే, 26 అక్షరాలూ ఉండే క్విక్ బ్రౌన్ ఫాక్స్ వాక్యం, అందులో జంప్స్ తీసి జంప్డ్ పెట్టి చూడు, ఎస్ ఒక్కటే మిగలాల. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే 26 మిగలాల. అట్టా రాలేదంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

తెలుగుకి ఇదే వాడదామని మాత్రం తొందరపడమాక. మన కంటికి నెల్లూరు అంటే మూడక్షరాలు, పైథాన్‌ని లెన్ (పొడవు) అడిగితే 8 అంటది, గుణింతం గుర్తులు, ఒత్తుకి వాడే పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేస్తది. ఈజ్ఆల్ఫా, అంటే అన్నీ అక్షరాలేనా అని, అడిగితే ఫాల్స్ అంటది, ఆ గుర్తులు దానికి అక్షరాలు కావంట! ఆదివారం ఇంటికొస్తావుగా, దాని సంగతి కూర్చోని చూద్దాం. ఛార్జర్ మర్చిపోమాక, పోయినసారి మాదిరి.

మీ మామయ్య