ఒకటో తరగతి నుంచే కంప్యూటర్ పాఠాలు అవసరమా? ఆన్‌లైన్ భద్రత ఎలా నేర్పాలి?

తొందరేమీ కాదు, కాకపోతే మొదటి పాఠానికి కంప్యూటరే అక్కర్లేదు. ఒక పిల్లాణ్ణి రోబోలా నిలబెట్టి, మిగతావాళ్లను "రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు" అని చెబుతూ తలుపు దాకా నడిపించమనండి. ఒక్క మాట తేడా వస్తే గోడ దగ్గర ఆగిపోతాడు, అందరూ నవ్వుతారు, ఎక్కడ తప్పిందో వెతికి సరిచేస్తారు. అల్గారిదమ్ (ఒక పనికి వరుసగా ఇచ్చే సూచనలు), డీబగ్గింగ్ (తప్పు వెతికి సరిచేయడం) రెండూ అందులోనే వచ్చేశాయి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఐదేళ్ల పిల్లలకే ఇది సిలబస్‌లో ఉంది. తర్వాత ట్యాబ్ దొరికితే స్క్రాచ్ జూనియర్ అనే కోడింగ్ యాప్ (5-7 ఏళ్ల వాళ్ల కోసం చేసిందే, చదవడం రాకపోయినా బొమ్మల బ్లాకులు కలుపుకుంటూ పోవచ్చు), ఎనిమిదేళ్లొచ్చాక స్క్రాచ్.

భద్రత విషయానికొస్తే, "తెలియనివాళ్లతో మాట్లాడొద్దు" అని భయపెట్టడం వల్ల పెద్దగా లాభం లేదు, ఎందుకంటే గేమ్‌లో రోజూ కలిసి ఆడేవాణ్ణి పిల్లలు తెలియనివాడు అనుకోరు. దానికి బదులు ఏవి చెప్పకూడదో నేర్పండి: పూర్తి పేరు, స్కూలు, ఇంటి అడ్రస్, ఫోటో, పాస్‌వర్డ్. "ఇది ఎవరికీ చెప్పకు" అని అవతల ఎవరైనా అంటే మాత్రం వెంటనే ఇంట్లోనో టీచర్‌కో చెప్పేయాలి. అలా చెప్పినందుకు ఫోన్ లాక్కున్నారో, ఇంకోసారి నోరు విప్పరు, చాలామంది పెద్దవాళ్లు చేసే పొరపాటు ఇదే. చాలా సోషల్ మీడియా యాప్‌లకు కనీస వయసు 13 అని కూడా తల్లిదండ్రులకి ఒకసారి గుర్తుచేయండి.

పాస్‌వర్డ్‌కైతే సంబంధం లేని మూడు మాటలు కలపమనండి, "ఏనుగు గొడుగు మంగళవారం" లాంటివి. వాళ్లకి అదో ఆట.