ఆయుధ పూజకు బండి కడిగే ముందు

చిన్నోడా,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఆయుధ పూజకు కొత్త లారీ ఇంజిన్ నువ్వే కడుగుతావంట, ప్రెషర్ గన్ కూడా కొన్నావంట. బండి మీద నీకున్న ఆపేక్షని మీ పెద్దమ్మకి చెప్పుకుని మురిసిపోయాను. పడుకున్నాక ఆ గన్ మాట గుర్తొచ్చింది, ఇక నిద్ర పడితే ఒట్టు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

టైర్లకు అడ్డం పెట్టు. క్యాబిన్ లేపాక లాక్ పడిందో లేదో చూసుకుని అప్పుడు తల దూర్చు. ఇవి నీకు తెలిసినవే.

నేను ముప్పై ఏళ్లు తోలిన పాత బళ్లకి గొట్టం పెట్టి ఎడాపెడా కొట్టినా ఏమయ్యేది కాదు. 2017లో కొన్నదే ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా, ఉన్న నా మొదటి బండి. మరుసటేడు ఆయుధ పూజకు చెన్నై పక్కన ఎన్నూరులో కంటైనర్ దించి, నేరుగా మాధవరంలో వాటర్ సర్వీసింగ్‌కు తోలాను. ఇంజిన్ చెయ్యి పెట్టలేనంత వేడి. "చల్లారనీ అన్నా" అన్నాడు మీ నాన్న. పూజకు టైమైపోతోందని నేనే గన్ లాక్కుని కొట్టాను. తళతళలాడింది. గుమ్మడికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. మీ నాన్న వైపు చూసి మీసం కూడా తిప్పాను.

మూడో రోజు రాత్రి గుమ్మిడిపూండి దాటాక ఎక్సలేటర్ తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మీటర్లో దీపాలు వెలిగాయి, ఇంజిన్ ఆగిపోయింది. బండి సగం రోడ్డు మీదే. సన్నగా వాన. వెనక నుంచి లోడు బళ్లు ఆగకుండా వస్తున్నాయి. మీ నాన్న టార్చి పట్టుకుని వంద గజాలు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, తెల్లారేదాకా. ఒక బస్సు మీ నాన్న చొక్కా ఎగిరేంత దగ్గరగా పోయింది. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, నువ్వూ చెప్పకు.

పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు కలిపే ఒక కప్లర్ ఊడదీస్తే లోపల్నుంచి నీటి చుక్క జారింది. పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. "వేడి మీద కప్లర్‌లో గాలి ఉబ్బి ఉంటుంది, చన్నీళ్లు పడగానే ముడుచుకుని నీళ్లని లోపలికి పీల్చేస్తుంది" అన్నాడు. లోపలికెళ్లిన చుక్కకి బయటికి దారి దొరకదు.

నీది బీఎస్6, పొగ తగ్గించే కొత్త రూల్ ప్రకారం చేసిన బండి, సెన్సార్లు ఇంకా ఎక్కువ. కాబట్టి రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున మొదలుపెట్టు. బండి ఆపి తాళంచెవి తీశాక వెంటనే బ్యాటరీ విప్పకు, పొగని శుభ్రం చేసే యూరియా నీళ్ల లైను ఖాళీ కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నెగటివ్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. ఈసీఎం, ఫ్యూజ్ బాక్స్, డైనమో, ఎయిర్ ఫిల్టర్ నోరు, వీటికి ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వెయ్యి. ఎన్ని చుట్టావో లెక్కపెట్టుకో, స్టార్ట్ చేసే ముందు అన్నీ తీయాలి.

జిడ్డుకి డీగ్రీజర్, బ్రష్. మగ్గుతో కొంచెం కొంచెం నీళ్లు. కిరసనాయిలు ఊసెత్తావంటే నేనే బస్సెక్కి వచ్చి తంతాను. వైర్లున్న చోట పిండిన గుడ్డతో తుడవడమే. నీ ముచ్చట నేనెందుకు కాదనాలి, గన్ టైర్లకీ మడ్‌గార్డులకీ వాడుకో. తర్వాత గాలి పట్టి, క్యాబిన్ లేపి పెట్టే ఎండలో ఆరనీ. బండిని పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి మీటర్ చూడు.

పూజకు ముందురోజు కాదు, నాలుగు రోజుల ముందే కడుగు. ఆ నాలుగు రోజులూ పగటిపూట రెడ్‌హిల్స్ దాకా దగ్గర ట్రిప్పులే వేసుకో. ఆగేదేదో మనవాళ్లు పరిగెత్తుకొచ్చేంత దూరంలో ఆగనీ. అప్పుడే హైవే ఎక్కకు నాన్నా.

గూడూరు నిమ్మకాయలు ఒక సంచి పంపుతున్నా. టైర్ల కింద పెట్టగా మిగిలినవి మీ అమ్మకివ్వు, ఊరగాయ పెడుతుంది.

మీ పెదనాన్న