నులిపురుగు గుండ్రంగా ఉంటుందా?

సందేహం: మా అమ్మాయి సైన్సు పుస్తకంలో నెమటోడా వర్గానికి ‘గుండ్రటి పురుగులు’ అని ఉంది. బొమ్మ వేయమంటే గోళీల్లాంటి పురుగులు వేసి పెట్టింది. మా వైపు నులిపురుగులు అంటాం. రెండూ ఒకటేనా? ఏది సరైన తెలుగు? అలాగే ‘క్షీరదాలు’ అని కొందరు, ‘క్షీరధాలు’ అని కొందరు రాస్తున్నారు. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: గోళీలు వేసినందుకు అమ్మాయిని ఏమీ అనకండి. పుస్తకం చెప్పిందే వేసింది. గుండ్రం అనగానే తెలుగు పిల్లకు గోళీ, లడ్డు, నిండు చందమామ తోస్తాయి గానీ పొడుగాటి పురుగు తోచదు.

ఈ పేరు ఇంగ్లీషు రౌండ్‌వర్మ్‌కు నకలు. అక్కడ గుండ్రం అన్నది పురుగు ఆకారానికి కాదు, దాన్ని అడ్డంగా కోస్తే కనబడే కోతకు. బద్దెపురుగును కోస్తే కోత నాడా ముక్కలా చపటగా ఉంటుంది, ఏలికపామును కోస్తే గుండ్రంగా ఉంటుంది. ఆ తేడా చెప్పడానికి పెట్టుకున్న పేరది. గుండ్రటి స్తంభం, గుండ్రటి గుంజ అని మనమూ అంటాం కనుక పూర్తిగా తప్పని కొట్టేయలేను. కానీ స్తంభాన్ని చూడనివాళ్లు ఉండరు, ఏలికపామును చూసిన పిల్లలు ఇప్పుడు తక్కువ. పోనీ అని కొందరు ‘వర్తుల కృములు’ అని సంస్కృతంలోకి మార్చారు. దాంతో రోగం ముదిరింది. పక్కనే వానపాము, జలగ ఉండే అనెలిడా వర్గం ఉంది. దాని పేరులో ఉన్నది చిన్న ఉంగరం, ఆ పురుగుల ఒంటినిండా వలయాలే. వర్తులమేదో వలయమేదో పరీక్ష హాల్లో ఎవరికి గుర్తుంటుంది?

అసలు నెమటోడా అన్న మాటలో గుండ్రం ఊసే లేదు. గ్రీకులో ‘నేమా’ అంటే దారం, వడికిన పోగు. నెమటోడ్ అంటే దారంలాంటిది, అంతే. బోదకాలు తెచ్చే ఫైలేరియా పేరులోనూ లాటిన్ దారమే ఉంది. మన నారికురుపు చూడండి. నారి అంటే వింటితాడు. కాలి పుండులోంచి మీటరు పొడవు దాకా ఉన్న ఆడపురుగు తల బయటపెడితే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే లాగేవారు. తొందరపడి లాగితే తెగి, లోపల మిగిలిన ముక్క చీము పట్టేది. 2000లో మన దేశం ఆ పీడ వదిలించుకుంది గానీ, మాటలోని తాడు మాత్రం మిగిలింది.

ఇక నులి. నులుచు అంటే పేనడం, మెలిపెట్టడం. నులక మంచంలో ఉన్నది అదే. చెవి నులిమినా, కడుపులో నులిపెట్టినా అదే. నూలుతో దీని చుట్టరికం దగ్గరిదా దూరపుదా అన్నది వాదించుకోవచ్చు. నాకైతే దగ్గరిదే అనిపిస్తుంది. అంటే గ్రీకువాడు పోగును చూసిన చోట తెలుగువాడూ పోగునే చూశాడు, దాని మెలికను కూడా చూశాడు. ఆ మెలిక ఊరికే వచ్చింది కాదు. వానపాముకు ఒంటి పొడవునా కండరాలున్నాయి, ఒంటి చుట్టూ కూడా ఉన్నాయి. అందుకే సన్నగా సాగి, మళ్లీ పొట్టిగా ముడుచుకుని కదులుతుంది. నెమటోడుకు ఒంటి గోడలో ఉన్నవి నిలువు కండరాలే. ఒక పక్క బిగిస్తే ఆ పక్కకు వంగుతుంది, రెండో పక్క బిగిస్తే ఇటు వంగుతుంది. సాగడం దానికి చేతకాదు. బతికినంతకాలం నులితిరగడమే దాని నడక. ఇంత కచ్చితమైన మాటను ఇంట్లో పెట్టుకుని గుండ్రం కోసం పొరుగింటికి పోయాం.

మన రైతులు ఈ మాటను మొత్తం వర్గానికి ఎప్పుడో వాడేశారు. టమాటా, వంగ, దానిమ్మ వేళ్లకు పట్టేదాన్ని ‘వేరుబుడిపె నులిపురుగు’ అంటారు. మొక్క పీకి చూస్తే వేళ్ల మీద ముడులుంటాయి. అవి వేరే ఉబ్బినవి, గోటితో గీకితే రాలవు. వేరుశనగ, పెసర వేళ్ల మీద నత్రజని అందించే మంచి బుడిపెలైతే పక్కకు అంటుకుని ఉండి, గీకితే ఊడివస్తాయి. ఇంకో తమాషా: ఈ వేరుబుడిపె పురుగు ఆడది ముదిరితే వేరు లోపల ఉబ్బి చిన్న బేరిపండులా తయారవుతుంది. నెమటోడుల్లో మీ అమ్మాయి బొమ్మకు కాస్త పోలిక ఉన్నవి ఇలాంటి కొన్నే అనుకోండి.

వైద్యశాఖ కూడా ఫిబ్రవరి 10న జరిపేదాన్ని ‘నులిపురుగుల నివారణ దినం’ అనే అంటుంది. బడిలో నమిలించే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ప్రధానంగా గురిపెట్టేది ఏలికపాము, కొరడా పురుగు, కొంకిపురుగుల మీద. రాత్రిళ్లు ఆసనం దగ్గర దురద పెట్టించే సెంటీమీటరు పొడవు తెల్ల నులి ఆ జాబితాలోనే లేదు. ఆ మాత్రకు అదీ లొంగుతుంది, అది వేరే సంగతి.

ఇంతకూ చిక్కంతా ‘పురుగు’ది. పాత తెలుగులో ఇది ప్రువ్వు, పురువు. తమిళ మలయాళాల్లో పుఴు, కన్నడంలో హుళు. తమిళ విఴుంగు మనకు మ్రింగు అయినట్టు, కీఴ్‌కు సాటిగా క్రింద ఉన్నట్టు, ఇక్కడా ఆ ఴకారం (అరవంలో నాలుక మడిచి పలికేది) క్రావడిగా, అంటే ర ఒత్తుగా మారి ముందుకు జరిగింది. తర్వాత ఆ ముడి విడిపోయి పురువు, పురుగు అయింది. అరవంలో పుఴు అంటే ప్రధానంగా కాళ్లు లేకుండా పాకేదే. తెలుగు పురుగు మాత్రం దొరికిన కాళ్లన్నీ తగిలించుకుంది. మిణుగురు పురుగుకు ఆరు కాళ్లు. తొలకరికి ఎర్రమఖమల్‌లా నేల మీద తిరిగే ఆరుద్ర పురుగుకు ఎనిమిది, అది సాలీడు బంధువు. పల్లెల్లో ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందని. పాము పేరెత్తడం ఇష్టంలేక దాన్ని పురుగు చేశారు, వానపాము, ఏలికపాముల దగ్గరకొచ్చి పురుగును పాము చేశారు. శాస్త్రం ఎన్ని గోడలు కట్టినా జనం మాట దూకుతూనే ఉంటుంది.

మా వేమన్న ఏం చేశాడో చూడండి: ‘మేడిపండు జూడ మేలిమై యుండును / పొట్ట విచ్చి జూడ పురుగులుండు.’ మేడిపండు చీలిస్తే బిలబిలమంటూ వచ్చేవి రెక్కలున్న చిన్న కందిరీగలు. ఆరు కాళ్ల కీటకాలు. మేడికి పూలు కాయ లోపలే ఉంటాయి కాబట్టి, కాయ కొననున్న కంతలోంచి ఆడ ఈగ దూరి వాటికి పుప్పొడి అందించి, గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. అవి లేనిదే మేడికి గింజ లేదు. కవి వాటిని పిరికితనానికి పోలిక చేసి అన్యాయం చేశాడనే వాళ్లున్నారు. చెయ్యనీండి. నేను మురిసిపోయేది ఇంకొకందుకు: ఆ ఈగల ఒంట్లో చేరి ఒక కాయ నుంచి మరో కాయకు ప్రయాణం చేసే నెమటోడులున్నాయి. కంటికి ఆనవు. అంటే ఆ పాదంలోని ‘పురుగులు’ ఏ వర్గీకరణ ప్రకారం చదివినా ఒప్పే! ఈ వెసులుబాటు పొలంలో మాత్రం పనికిరాదు. కీటకాలను చంపే పురుగుల మందు తెచ్చి వేరుబుడిపె మీద కొడితే డబ్బు దండగ. దానికి పంటమార్పిడి, వేసవి దుక్కి, బంతి, వేపపిండి కావాలి.

కాబట్టి వర్గం పేరుగా ‘నులిపురుగులు’ అనే రాయమంటాను, పక్కన నెమటోడా అని పెట్టుకోవచ్చు. అప్పుడు ఇంటి వాడుకలోని చిన్న నులికి వేరే పేరు కావాలి. ‘సన్ననులి’ అనొచ్చేమో, పట్టుబట్టను. కృమి, క్రిమి రెండూ సాధువులే.

క్షీరదాల సంగతి పొట్టిది. దకారమే ఒప్పు. జలాన్ని ఇచ్చేది జలదం, మేఘం. క్షీరాన్ని ఇచ్చేది క్షీరదం. ధకారం ధరించేదానిది: జలధి, క్షీరధి. క్షీరధం అని రాస్తే పాలకుండ అని అర్థం లాగాల్సి వస్తుంది. 1758లో జీవుల వర్గీకరణకు పేరుపడ్డ స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పాత ‘చతుష్పాదులు’ పేరు వదిలి, రొమ్మును బట్టి మమ్మాలియా అన్నాడు. ఆ తర్వాత బయటపడ్డ ప్లాటిపస్ అనే ఆస్ట్రేలియా జంతువుకు చనుమొనలే లేవు, పాలు చర్మం మీదికి ఊరతాయి. లాటిన్ పేరు తడబడిన చోట మన క్షీరదం నిలిచింది. దాన్ని ‘పాలిచ్చే జంతువులు’ అని సులువు చేస్తే పిల్లలు పాడిపశువులనుకుని గబ్బిలాన్నీ తిమింగలాన్నీ వదిలేస్తారు. గంగిగోవు పాలు గరిటెడు చాలన్నవాడు కూడా ఖరము పాలను లెక్కలోంచి తీసేయలేదు, కడివెడు పోసే పక్కన పెట్టాడు.