ఆటల నీళ్లలో ఊరి మురుగు

పారిస్‌లో సెన్ నదిలో ఒలింపిక్ ఈత పోటీల గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాం. దానికి వచ్చినన్ని ప్రశ్నలు ఈ మధ్య దేనికీ రాలేదు, అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ నీళ్లకే వదిలేశాం. పేర్లు వేయొద్దన్నవాళ్లు ఎక్కువమంది కాబట్టి అందరికీ ఊరి పేరే వేస్తున్నాం.

ప్రశ్న: సెన్ నదిని బాగుచేయడానికి 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారని చదివాను. మన లెక్కలో 12 వేల కోట్ల రూపాయల పైమాటే. అంత పోసినా 2024లో ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) ఎందుకు వాయిదా పడింది? డబ్బు ఎవరో తినేసి ఉంటారని మా ఆఫీసులో ఒకటే వాదన. – భీమవరం

జవాబు: మీ ఆఫీసువాళ్లకు మన రోడ్ల కాంట్రాక్టుల అనుభవం బాగా ఉన్నట్టుంది. ఇక్కడ దెబ్బకొట్టింది వాన. పారిస్ పాత ఊరు, దాని కింద మురుగు సొరంగాలు చాలావరకు 19వ శతాబ్దంలో వేసినవి, మరుగుదొడ్ల నీళ్లు, వంటింటి నీళ్లు, రోడ్ల మీద పడ్డ వాననీళ్లు అన్నీ ఒకే గొట్టంలో కలిసి పోతాయి. మామూలు రోజుల్లో ఏ గొడవా లేదు, మొత్తం శుద్ధి కేంద్రానికి చేరుతుంది. గట్టి వాన పడితే మాత్రం గొట్టం పట్టదు. పట్టనిదాన్ని ఎక్కడో ఒకచోట వదలకపోతే ఎదురుతన్ని జనం ఇళ్లలోకే వస్తుంది కదా, అందుకని అది నదిలోకి పోయేలా దారులు పెట్టే కట్టారు. అంటే గేటు మూయడం ఎవరో మరిచిపోయి జరిగింది కాదు, ఆ ఏర్పాటే అంత.

దీనికి విరుగుడుగా ఆస్టర్‌లిట్జ్ రైల్వే స్టేషన్ దగ్గర భూమి లోపల ఒక పెద్ద తొట్టి కట్టారు. 50 వేల ఘనపు మీటర్లు పడుతుంది, ఒలింపిక్ ఈత కొలనులు 20 నిండేంత. వాన కురిసేటప్పుడు ఆ నీళ్లను ఇందులో పట్టి ఉంచి, తెరిపిచ్చాక మెల్లగా శుద్ధికి పంపుతారు. ఆటలకు దాదాపు మూడు నెలల ముందు, 2024 మేలో ప్రారంభించారు. దాంతోపాటు ఎగువ ఊళ్లలో మరుగుదొడ్డి గొట్టాన్ని పొరపాటున వాన కాలవకు కలిపేసిన ఇళ్లను వెతికి ఒక్కొక్కటీ సరిచేయడం, జనం కాపురం ఉండే పడవలకు మురుగు కనెక్షన్లు ఇప్పించడం లాంటి విసుగు పుట్టించే పని చాలా జరిగింది. నన్నడిగితే అసలు పని అదే. ఫొటోలకు పనికిరాదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, మేయర్ ఆన్ హిడాల్గో జులై 17న నదిలో దిగి ఈదితే మాత్రం ప్రపంచమంతా చూసింది. (1990 ప్రాంతంలో అప్పటి మేయర్ జాక్ షిరాక్ కూడా నేను ఈదుతానని మాటిచ్చారు. తర్వాత దేశాధ్యక్షుడయ్యారు, పన్నెండేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు, నదిలో మాత్రం దిగలేదు.)

జులై 26న ప్రారంభోత్సవం నాటి కుండపోత టీవీలో మీరూ చూసే ఉంటారు. అంతే, 28, 29 తేదీల్లో నదిలో ప్రాక్టీసు రద్దయింది. 30న జరగాల్సిన మగవాళ్ల ట్రయథ్లాన్‌ను ఆ తెల్లవారుజామున వాయిదా వేసి, 31న ఆడవాళ్ల పోటీ, మగవాళ్ల పోటీ ఒకే రోజు పెట్టారు. ఆడవాళ్లలో ఫ్రాన్స్ అమ్మాయి కసాండ్ర్ బోగ్రాన్‌కే బంగారు పతకం వచ్చింది కాబట్టి ఊరి పరువు కొంత నిలబడింది. ఎంత పెద్ద తొట్టయినా ఒక్క తొట్టే, నదిలోకి దిగే వాన మాత్రం ఎగువ ఊళ్లన్నిటి మీదా పడింది. డబ్బు వృథా అయిందంటే నేనొప్పుకోను, ఎందుకో చివర్లో ఇంకో ప్రశ్న దగ్గర చెప్తాను.

ప్రశ్న: నీళ్లలో ఈ.కోలి బాక్టీరియా ఇంత ఉంటే పోటీ పెడతాం, ఇంత దాటితే ఆపేస్తాం అంటారు. ఆ లెక్క ఎలా తీస్తారు? – హనుమకొండ, డిగ్రీ విద్యార్థి

జవాబు: ట్రయథ్లాన్ అంతర్జాతీయ సంఘం పెట్టుకున్న హద్దు 100 మిల్లీలీటర్లకు 1000. ఒక చిన్న టీ గ్లాసుడు నీళ్లనుకోండి. ఎంటెరోకాకస్ అనే ఇంకో రకం బాక్టీరియాకు హద్దు 400. లెక్కపెట్టే పద్ధతి మీ కాలేజీ ల్యాబులో చేయించేలాంటిదే: నీళ్లను సన్నటి పొర గుండా వడగట్టి, ఆ పొరను పోషకాలున్న పళ్లెంలో పరిచి, వెచ్చటి పెట్టెలో పెట్టి వదిలేస్తారు. పొర మీద నిలిచిన బాక్టీరియా ఒక్కొక్కటీ పెరిగి పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడమే.

చిక్కు ఎక్కడంటే, చుక్క కనబడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. తెల్లవారుజామున అధికారులు కూర్చుని పోటీ పెట్టాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు వాళ్ల చేతిలో ఉన్న అంకె నిన్నటి నీళ్లది. ఈరోజు నీళ్ల సంగతి వాన ఎంత పడింది, ప్రవాహం ఎంత ఉంది, ఎండ కాసిందా లేదా చూసి అంచనా వేయాల్సిందే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బాక్టీరియా చస్తుంది, అందుకే పారిస్‌వాళ్లు ఎండ కోసం అంత ఎదురుచూశారు.

ఇంకో సంగతి. ఈ.కోలిలో చాలా రకాలు మనల్ని ఏమీ చేయవు. నీళ్లలో మలం కలిసిందని చెప్పే గుర్తు అది, దాన్ని లెక్కపెట్టేది అందుకు. ఈ లెక్కలో వైరస్‌లు ఉండవు. బెల్జియం క్రీడాకారిణి క్లేర్ మిషెల్ పోటీ తర్వాత జబ్బుపడి, వాళ్ల జట్టు మిక్స్‌డ్ రిలే నుంచి తప్పుకుంటే ఈ.కోలి అని ఊరంతా కోడైకూసింది, తర్వాత ఆమే చెప్పింది రక్తపరీక్షలో తేలింది వైరస్ అని. అది నదిలోనే అంటిందా, ఇంకెక్కడైనానా అంటే ఆ పరీక్ష చెప్పదు.

ప్రశ్న: రియో ఒలింపిక్స్‌లో శవాల మధ్య, సోఫాల మధ్య పడవ పందేలు జరిగాయని ఇక్కడ మా ఫ్రెండ్స్ అంటారు. పచ్చగా మారిన నీళ్లు కూడా అదేనా? – డాలస్

జవాబు: పచ్చ నీళ్లు వేరే కథ, ముందు అది తేల్చేద్దాం. అది డైవింగ్ కొలను. ఎవరో పొరపాటున హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు, అది క్లోరిన్‌ను పనిచేయనివ్వలేదు, నాచు పెరిగి రాత్రికి రాత్రి నీళ్లు రంగు మారాయి. నవ్వుకోవడానికి బాగుంటుంది, మురుగుతో సంబంధం లేదు.

పడవ పందేలు జరిగింది గ్వానబారా అఖాతంలో. 2009లో ఆటలు దక్కించుకునేటప్పుడు రియో పెద్దలు ఇచ్చిన మాట ఏమిటంటే, ఆ అఖాతంలోకి వచ్చే మురుగులో 80 శాతం శుద్ధి చేస్తామని. ఆటలు మొదలుకాకముందే అది కుదరదని వాళ్లే ఒప్పుకున్నారు. చుట్టూ కొండల మీది బస్తీల్లో లక్షల మంది ఇళ్లకు అసలు మురుగు గొట్టమే లేదు, వాగుల్లోంచి నేరుగా అఖాతంలోకే. గొట్టాలు వేయాల్సిన చోట ఏం చేశారంటే, తేలే చెత్తను ఏరడానికి పడవలు తిప్పారు, వాగుల నోళ్ల దగ్గర తేలే అడ్డుకట్టలు వేశారు. కారే కప్పు కింద గిన్నె పెట్టినట్టు. సోఫాలూ, చచ్చిన జంతువులూ తేలడం నిజమే, ఆటలకు నెల రోజుల ముందు కోపకబానా ఇసుక మీదికి మనిషి శరీర భాగాలు కొట్టుకురావడమూ నిజమే. కానీ పడవ నడిపేవాళ్లను ఎక్కువ భయపెట్టింది మామూలు ప్లాస్టిక్ సంచి. అది వచ్చి చుక్కానికో, అడుగు పలకకో చుట్టుకుంటే పడవ వేగం పడిపోతుంది, నాలుగేళ్ల సాధన ఒక్క సంచితో గల్లంతు.

కంటికి కనబడనిది ఇంకా దారుణం. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అక్కడి నీళ్లలో వైరస్‌లు పరీక్ష చేయించింది, అధికారులు చూసేది బాక్టీరియా ఒక్కటే కదా అని. అమెరికా బీచ్‌లలో కంగారుపడే స్థాయి కన్నా 17 లక్షల రెట్లు దాకా తేలింది కొన్నిచోట్ల. అదే ఏడాది ట్రయల్ పందెం తర్వాత జర్మనీ సెయిలర్ ఎరిక్ హైల్‌కు కాళ్ల మీద మందులకు లొంగని బాక్టీరియా పుండ్లు లేచాయి. ఆయన ఏడాది తిరిగేసరికి అదే నీళ్లలోకి వెళ్లి కంచు పతకం తెచ్చుకున్నాడు. క్రీడాకారుల సంగతి ఇంతే, నాలుగేళ్లు ఎదురుచూసినవాడు నీళ్లు బాగాలేవని ఇంటికెళ్లడు, నిర్వాహకులకు ఆ సంగతి బాగా తెలుసు.

ప్రశ్న: సెన్‌లో ఈదినవాళ్లు బయటికి రాగానే కోక్ తాగారట, లోపలికి పోయిన క్రిములు చస్తాయట కదా? – రాజమహేంద్రవరం

జవాబు: తాగడం నిజం, చావడం అబద్ధం. మన కడుపులో ఉండే ఆమ్లమే కోక్ కన్నా ఘాటు, దాన్ని దాటిన క్రిమి కూల్‌డ్రింక్‌కు భయపడుతుందా? నోరు కాస్త శుభ్రపడుతుంది, గంటల తరబడి ఈదినవాళ్లకు చక్కెర అందుతుంది, అంతవరకే.

ప్రశ్న: నదులూ అఖాతాలూ సరే, సముద్రం ఉప్పునీరు. అందులో మురుగు దానంతటదే శుభ్రం కాదా? – విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్లో ఉండి ఈ ప్రశ్న అడిగారంటే వాన పడ్డ మర్నాడు బీచ్‌కు వెళ్లి చాలాకాలమై ఉండాలి. సముద్రం పలుచన చేస్తుంది, ఉప్పూ ఎండా బాక్టీరియాను కొంత చంపుతాయి. అవన్నీ జరగడానికి టైం పడుతుంది, పోటీ జరిగేది మాత్రం ఒడ్డు దగ్గర, కాలవలు వచ్చి కలిసే చోటే. ఇంగ్లండ్‌లో సండర్‌ల్యాండ్ ఊరి సముద్రతీరంలో 2023లో ప్రపంచ ట్రయథ్లాన్ సిరీస్ పోటీ పెడితే 57 మంది వాంతులూ విరేచనాలతో పడ్డారు. అక్కడి ఆరోగ్యశాఖ నోరోవైరస్ అయి ఉండొచ్చని తేల్చింది.

చైనాలో ఇంకో రకం. 2008 ఒలింపిక్ పడవ పందేలకు చింగ్‌దావ్ తీరాన్ని సిద్ధం చేశాక, జూన్‌లో సముద్రం మీద పచ్చటి నాచు తివాచీలా పరుచుకుంది. సైనికులూ, వాలంటీర్లూ వేలమంది దిగి లారీలకు లారీలు ఎత్తిపోసి, వలలతో అడ్డుకట్టి, ఆగస్టు నాటికి ఎలాగో నీళ్ల మీది నాచు తీసేశారు. ఆ నాచుకు విత్తనం దక్షిణాన తీరం వెంబడి తినే సముద్రపు పాచి పెంచే పందిళ్ల నుంచి, ఎరువు పొలాల నుంచీ ఊళ్ల నుంచీ. పోటీలు అయిపోయాయి, నాచు మాత్రం దాదాపు ఏటా వస్తూనే ఉంది.

ప్రశ్న: టోక్యోలో నీళ్ల చుట్టూ పరదాలు కట్టారట, నిజమేనా? – తెనాలి

జవాబు: నిజమే, బయటి మురుగు లోపలికి రాకుండా నీళ్లలోకి దించినవి, మూడు వరసలు. 2019లో టోక్యో తీరంలోని ఒడైబాలో ఈ.కోలి హద్దుకు రెండింతలు దాటి పారా ట్రయథ్లాన్‌లో ఈత రద్దయింది, ఆ దెబ్బతో. అక్కడా వాననీళ్లకూ మురుగుకూ చాలాచోట్ల గొట్టం ఒకటే.

ప్రశ్న: 2036 ఒలింపిక్స్ మనకు కావాలంటున్నాం. 2030 కామన్వెల్త్ ఆటలు అహ్మదాబాద్‌కు ఎలాగూ వచ్చాయి. సబర్మతి ఒడ్డు చూస్తే పారిస్ కన్నా బాగుందే! – నిజామాబాద్

జవాబు: ఒడ్డు బాగుంది, ఒప్పుకుంటాను. రివర్‌ఫ్రంట్ దగ్గర కనిపించే నిండు నీళ్లు ఎక్కువగా నర్మద కాలవ నుంచి తెచ్చినవి. ఊరు దాటాక దిగువకు వెళ్లి చూస్తే, ఊరి మురుగూ, ఫ్యాక్టరీల నీళ్లూ కలిసిన నది వేరేలా ఉంటుంది. ఈ సంగతి మీద 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. పోటీకి ఒక ముక్క శుభ్రంగా ఉంచడం పెద్ద కష్టం కాదు, కష్టమంతా ఆటలయ్యాక కూడా ఊరి జనం దిగేలా ఉంచడమే.

పారిస్ డబ్బు వృథా కాలేదని నేను మొదట్లో అన్నది ఇందుకే. 1923 నుంచి అక్కడ సెన్‌లో ఈతకు నిషేధం. ఆటలయ్యాక 2025 జులై 5న మూడు చోట్ల మామూలు జనానికి తెరిచారు, మర్నాడే వాన పడి మూశారు, నీళ్లు తేరుకున్నాక మళ్లీ తెరిచారు. మూసినందుకు కొందరు నవ్వారు గానీ, పరీక్ష చేసి, బాగోలేదని చెప్పి మూసే ఊరు నాకు నమ్మకంగా అనిపిస్తుంది. మన దగ్గర ఎంత పాడైన చెరువుకైనా ఈరోజు దిగొద్దని బోర్డు పెట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ప్రశ్న: మా పాప హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటోంది, పోటీలకు కూడా వెళ్తానంటోంది. ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా? – సికింద్రాబాద్

జవాబు: మాన్పించొద్దమ్మా. ఆ నీళ్ల మీద ఎంతోమంది పిల్లలు నేర్చుకుని దేశం తరఫున ఆడే స్థాయికి వెళ్లారు. కాకపోతే ఏ నీళ్లలో ఉన్నామో తెలిసి మసులుకోవాలి. కూకట్‌పల్లి నాలా లాంటివి వానలేని రోజుల్లో చాలావరకు శుద్ధి కేంద్రాల వైపు మళ్లుతాయి, గట్టి వాన వస్తే పొంగి చెరువులోకే వస్తాయి. పారిస్ కథే, చిన్న సైజులో. చిత్రమేమిటంటే మన మాన్సూన్ రెగట్టా పడవ పోటీలు జరిగేది సరిగ్గా జులైలో, గాలి బాగుంటుందని. గాలి కావాలంటే వానా వస్తుంది మరి.

పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు పాపను నీళ్ల మీదికి పంపకండి, కోచ్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒంటి మీద గీరుకున్న గాయం ఉంటే నీళ్లు దిగని ప్లాస్టర్ వేయాలి, పెద్ద గాయమైతే ఆరోజు ఇంట్లోనే. పడవ బోల్తాపడటం నేర్చుకునే పిల్లలకు మామూలు, అప్పుడు నోరు మూసుకోవడం అలవాటు చేయించండి. తాగే నీళ్ల సీసా మూతి కప్పి ఉండేది కొనండి, పడవ అడుగున దొర్లనివ్వకండి, పిల్లలకు మురుగు నోట్లోకి పోయే దారుల్లో అదొకటి, ఎవరూ గమనించరు. ఒడ్డుకు రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిస్కెట్ ప్యాకెట్ విప్పాలి, ఇంటికి రాగానే స్నానం. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు వేయించారో లేదో పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఇన్ని చేసినా జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం, విరేచనాలు వస్తే డాక్టర్‌కు చెప్పే మొదటి మాట పాప ఫలానా రోజు చెరువు నీళ్లలో పడిందని. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్ మొదట్లో మామూలు వైరల్ జ్వరంలాగే ఉంటుంది, నీళ్ల సంగతి చెప్పకపోతే ఆ పరీక్ష రాయాలని డాక్టర్‌కు తట్టకపోవచ్చు.